చిన్న సెన్సర్లు, బ్లాక్‌చెయిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బీటెక్ మేజర్ ప్రాజెక్టు కోసం "ఐఓటీ విత్ బ్లాక్‌చెయిన్" (ఐఓటీ అంటే నెట్‌కు కలిపిన చిన్న పరికరాలు) అనే టైటిల్ తీసుకున్నవాళ్లు, ఆక్వా ఎగుమతుల కంపెనీల్లో కోల్డ్ చెయిన్ చూసేవాళ్లు, ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్) రాసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఉదాహరణ అన్నిచోట్లా ఒకటే తీసుకున్నాను: భీమవరం వైపు నుంచి విశాఖ పోర్టు మీదుగా అమెరికా వెళ్లే గడ్డకట్టిన రొయ్యల కంటైనర్. లోపల మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకంటే చల్లగా ఉండాలి. అందులో ఒక చిన్న లాగర్ ఉంది, దాని పని ఉష్ణోగ్రత రాసిపెట్టడం. ప్రయాణం 30 రోజులు, పది నిమిషాలకో రీడింగ్ అనుకుందాం.

సెన్సర్‌కు బ్లాక్‌చెయిన్‌తో ఏం పని?

సరుకు పాడైందని అమెరికాలో కొనుగోలుదారు అన్నాడనుకోండి. ఎక్కడ పాడైంది? ప్లాంటులోనా, పోర్టులో కరెంటు ప్లగ్ పీకినప్పుడా, ఓడలోనా, అక్కడి గోడౌన్‌లోనా? ఎవరి దగ్గర ఎవరి రికార్డు ఉంటుందో వాళ్లు అదే చూపిస్తారు, ఎదుటివాడి రికార్డును నమ్మరు. రాసిన రీడింగ్‌ను తర్వాత ఎవరూ దిద్దలేదని అందరికీ ఒకేలా చూపించగలిగితే గొడవ సగం తగ్గుతుంది. బ్లాక్‌చెయిన్ అంటే చాలామంది కంప్యూటర్లలో ఒకేలా ఉండే, ఒకదానికొకటి ముడిపడ్డ రికార్డుల చిట్టా. అది ఇక్కడ ఇచ్చేది ఆ ఒక్కటే: రాసింది మార్చలేకపోవడం, ఆ రుజువు ఏ ఒక్కరి చేతిలోనూ లేకపోవడం.

రాసింది నిజమో కాదో అది చెప్పదు. కింద ఈ విషయం మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఎక్కువ ప్రాజెక్టులు కూలేది అక్కడే.

మా దగ్గర సెన్సర్లు, సర్వర్ అన్నీ మావే. అయినా బ్లాక్‌చెయిన్ కావాలా?

అక్కర్లేదు. మీ చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో మీరే చూసుకుంటుంటే మామూలు డేటాబేస్, రోజూ బ్యాకప్ చాలు. ఒకే యజమాని నాలుగు నోడ్లు (చెయిన్ నకలు మోసే కంప్యూటర్లు) పెట్టి బ్లాక్‌చెయిన్ అంటే, ఆ నాలుగింటినీ మార్చగలిగేవాడు కూడా ఆయనే.

బయటివాళ్లకు రుజువు చూపించాలి కానీ సొంత చెయిన్ నడిపే ఓపిక లేదంటే మధ్యేమార్గం ఉంది. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా డిజిటల్ పత్రాలకు తేదీ ముద్ర వేసే పద్ధతి ప్రతిపాదించారు. 1995 నుంచి వాళ్ల కంపెనీ వారానికోసారి ఒక హ్యాష్‌ను (డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె; డేటా మారితే అదీ మారుతుంది) న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించేది. అచ్చయిన పేపర్లన్నీ వెనక్కి తెప్పించి ఎవరు దిద్దగలరు? ఇప్పుడు అదే పనికి ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ లాంటి ఉచిత సాధనం ఉంది. బోలెడన్ని హ్యాష్‌లను ఒక్కటిగా కలిపి బిట్‌కాయిన్ చెయిన్‌లో నాటుతుంది. మీరు పంపేది 32 బైట్లు, దాచుకునేది ఒక చిన్న రుజువు ఫైలు. నన్నడిగితే సగం ప్రాజెక్టులకు ఇది సరిపోతుంది.

"వనరులు తక్కువున్న పరికరం" అంటే ఎంత తక్కువ?

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సంస్థ 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7228 పత్రంలో మూడు తరగతులు చేసింది. క్లాస్ 0కు ర్యామ్ 10 కేబీ కంటే బాగా తక్కువ, ఇది తనంతట తాను ఇంటర్నెట్‌లో సురక్షితంగా మాట్లాడలేదు. క్లాస్ 1కు సుమారు 10 కేబీ ర్యామ్, 100 కేబీ ఫ్లాష్. క్లాస్ 2కు సుమారు 50 కేబీ ర్యామ్, 250 కేబీ ఫ్లాష్.

కాలేజీ ల్యాబుల్లో ఉండే ఆర్డుయినో ఊనోలో చిప్ ఏటీమెగా328పీ. ర్యామ్ 2 కేబీ, ఫ్లాష్ 32 కేబీ, 8 బిట్లు, 16 మెగాహెర్ట్జ్. అంటే అడుగు తరగతి. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డులో 520 కేబీ ర్యామ్, రెండు కోర్లు, హ్యాష్‌కూ ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌కూ విడిగా హార్డ్‌వేర్ ఉంటాయి కాబట్టి అది ఈ లెక్కలో సంపన్నుడే. దాని ఇబ్బంది మెమరీ కాదు, బ్యాటరీ.

బోర్డు మీదే బ్లాక్‌చెయిన్ నోడ్ నడపొచ్చా?

పూర్తి నోడ్ మాట మర్చిపోండి. బిట్‌కాయిన్ చెయిన్ మొత్తం ఇప్పటికే 600 జీబీ దాటింది. బ్లాకుల శీర్షికలు మాత్రమే దాచుకునే తేలిక పద్ధతి ఒకటుంది: ఒక్కో శీర్షిక 80 బైట్లు, రోజుకు సుమారు 144, ఏడాదికి 4.2 ఎంబీ. ఈఎస్‌పీ32కు ఒక ఫ్లాష్ చిప్ తగిలిస్తే అది పట్టొచ్చు. కానీ వాటిని తెచ్చుకోవడానికి రేడియో ఎప్పుడూ మేల్కొని ఉండాలి. రీడింగ్ రాయడమే పనైన లాగర్‌కు ఆ ఖర్చు దేనికి?

మైనింగ్ (హ్యాష్‌ల పోటీలో గెలిచి కొత్త బ్లాకు చేర్చడం) గురించి కూడా అడుగుతారు. ఊనో చిప్ సెకనుకు నూరు చిల్లర బిట్‌కాయిన్ హ్యాష్‌లు చేయగలదు. ఒక్క మైనింగ్ యంత్రం సెకనుకు వంద లక్షల కోట్లకు పైగా చేస్తుంది. యూట్యూబ్‌లో కనిపించే ఈఎస్‌పీ32 "లాటరీ మైనర్లు" టేబుల్ మీద పెట్టుకోవడానికి ముచ్చటగా ఉంటాయి, అంతే.

మరి చిన్న బోర్డు ఏం చేయాలి?

మూడు పనులు: కొలవడం, ముడివేయడం, సంతకం పెట్టడం (తన రహస్య ప్రైవేట్ కీతో; దాన్ని జత పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడొచ్చు). చెయిన్‌తో మాట్లాడటం గేట్‌వేకో (సెన్సర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్యనుండే పెట్టె), ఫోన్‌కో, సర్వర్‌కో వదిలేయాలి.

రికార్డు ఇలా ఉంటుంది: సమయానికి 4 బైట్లు, ఉష్ణోగ్రతకు 2, బ్యాటరీ స్థితికీ తలుపు తెరిచారా లేదా అన్నదానికీ కలిపి 2. మొత్తం 8 బైట్లు. 30 రోజులకు 4,320 రికార్డులు, అంటే 34,560 బైట్లు. గోరంత ఫ్లాష్ చిప్‌లో ఒక మూలకు సరిపోతుంది.

ముడివేయడమంటే, పాత హ్యాష్‌నూ కొత్త రికార్డునూ కలిపి మళ్లీ ఎస్‌హెచ్‌ఏ-256 రకం హ్యాష్ తీయడం. అలా వచ్చిన 32 బైట్లే తర్వాతి రికార్డుకు "పాత హ్యాష్". మధ్యలో ఒక్క బైటు మార్చినా అక్కడి నుంచి చివరిదాకా అన్నీ మారిపోతాయి. ర్యామ్‌లో ఎప్పుడూ ఒక్క హ్యాష్ ఉంటే చాలు కాబట్టి 2 కేబీలో కూడా హాయిగా నడుస్తుంది.

సంతకం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ప్రతి రికార్డుకూ 64 బైట్ల సంతకం పెడితే 34 కేబీ డేటాకు 270 కేబీ సంతకాలు తోడవుతాయి. పైగా ఊనో మీద ఈడీ25519 రకం సంతకం ఒక్కటి చేయడానికి ఐదారు సెకన్లు పడుతుంది. రికార్డులు హ్యాష్‌తో ముడిపడే ఉన్నాయి కాబట్టి ఆరు గంటలకో రోజుకో ఒకసారి, ఆనాటి చివరి హ్యాష్ మీద సంతకం పెట్టండి. వెనకున్నవన్నీ దాని కిందికి వస్తాయి.

దీనికి ఒక లోపం ఉంది. సంతకం పెట్టేలోపు ఎవరైనా లాగర్‌ను పగలగొడితే ఆ కొన్ని గంటల రికార్డులకు రక్షణ ఉండదు. ఆ గడువు ఎంత పెట్టుకోవాలన్నది మీ సరుకు చెబుతుంది. గడ్డకట్టిన రొయ్యలు గంటలో కరిగిపోవు. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాల్సిన టీకాలకైతే గడువు బాగా తగ్గించాలి.

ప్రతి రీడింగ్‌నూ చెయిన్‌లో పెట్టాలా?

వద్దు. ప్రాజెక్టు రివ్యూల్లో ఎక్కువగా కనిపించే డిజైన్ ఇదే, ఖర్చు తడిసి మోపెడయ్యేదీ దీనివల్లే.

ఇథీరియం అనే పబ్లిక్ చెయిన్‌లో కాంట్రాక్టు (చెయిన్ మీదే నడిచే ప్రోగ్రామ్) కొత్తగా 32 బైట్లు దాచడానికి 20,000 గ్యాస్‌కు పైగా అవుతుంది. గ్యాస్ అంటే అక్కడ రుసుము లెక్కగట్టే కొలమానం. లావాదేవీకి కనీసం 21,000. రెండూ కలిపి ఒక్కో రీడింగ్‌కు 43,000 అనుకున్నా, 4,320 రీడింగ్‌లకు 18 కోట్ల పైచిలుకు గ్యాస్. ఒక్క కంటైనర్‌కు!

మెర్కిల్ చెట్టు కడితే లావాదేవీ ఒక్కటే. రాల్ఫ్ మెర్కిల్ 1979లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన పద్ధతి ఇది. రికార్డుల హ్యాష్‌లను రెండేసి చొప్పున కలుపుకుంటూ పైకి వెళ్తే చివరికి ఒకే 32 బైట్ల వేరు మిగులుతుంది. చెయిన్‌లో వేరు పెడతారు, రికార్డులు మామూలు సర్వర్‌లో ఉంటాయి. "ఫలానా రోజు రాత్రి 2.10కి ఎంతుంది?" అని కొనుగోలుదారు అడిగితే ఆ రికార్డునూ, దాన్ని వేరుదాకా కలిపే 13 హ్యాష్‌లనూ ఇస్తారు. 13 హ్యాష్‌లంటే 416 బైట్లు. మిగతా 4,319 రీడింగ్‌లు ఆయనకు చూపించనక్కర్లేదు. వ్యాపారంలో ఈ సౌకర్యానికి విలువుంది.

చెయిన్‌లో ఒక్కసారి కాదు, రెండుసార్లు రాయమంటాను. కంటైనర్ తలుపు మూసినప్పుడు లాగర్ పబ్లిక్ కీ, సీల్ నంబరు, మొదటి హ్యాష్. తెరిచినప్పుడు చివరి వేరు. మొదటిది లేకపోతే చివర్లో వేరే లాగర్ డేటా తెచ్చి ఇదే అని చూపించొచ్చు.

ఇది కాగితం మీది ఊహ కాదు. 2016లో మొదలైన స్విట్జర్లాండ్ కంపెనీ మోడమ్ మందుల పెట్టెల్లో ఉష్ణోగ్రత లాగర్లు పెట్టి, పెట్టె చేరాక ఫోన్‌తో బ్లూటూత్ ద్వారా చదివి, షరతులు పాటించారో లేదో ఇథీరియం కాంట్రాక్టుతో సరిచూసింది. లాగర్ నేరుగా చెయిన్‌తో మాట్లాడలేదని గమనించండి.

డేటా ఏమీ మార్చలేదు, అయినా హ్యాష్ సరిపోలడం లేదు. ఎందుకు?

నూటికి తొంభైసార్లు జేసన్ (డేటాను అక్షరాలుగా రాసే పద్ధతి) వల్ల. బోర్డు మైనస్ 18.50 అని రాస్తుంది, సర్వర్ దాన్ని చదివి మైనస్ 18.5 అని మళ్లీ రాస్తుంది. మనిషికి రెండూ ఒకటే, హ్యాష్‌కు కాదు. ఫీల్డుల వరుస మారినా, ఒక ఖాళీ ఎక్కువైనా అంతే. దశాంశాలు వాడకుండా ఉష్ణోగ్రతను నూరుతో హెచ్చించి పూర్ణాంకంగా (మైనస్ 1850) దాచండి. బోర్డు హ్యాష్ తీసిన బైట్లనే యథాతథంగా పంపండి, దాచండి. మనుషులు చదివే రూపం విడిగా తయారు చేసుకోవచ్చు.

బైట్ల క్రమం కూడా చూసుకోండి. చిన్న చివర ముందా, పెద్ద చివర ముందా అన్నది బోర్డులో ఒకలా, సర్వర్ కోడ్‌లో ఇంకోలా ఉంటే రెండు రోజులు హరీ.

హ్యాష్‌లు, సంతకాలు బ్యాటరీని తినేయవా?

హ్యాష్ తినదు. ఊనో చిప్‌లో 64 బైట్లకు ఎస్‌హెచ్‌ఏ-256 దాదాపు 3 మిల్లీసెకన్ల పని. అదే లోరా అనే దూరం పోయే, తక్కువ వేగపు రేడియో 17 డీబీఎం పవర్‌తో సుమారు 90 మిల్లీఆంపియర్లు లాగుతూ, అత్యంత నెమ్మది వేగంలో ఒక నిండు ప్యాకెట్ పంపడానికి రెండున్నర సెకన్లకు పైగా తీసుకుంటుంది. తేడా వేల రెట్లు. 8 బిట్ల చిప్‌లో సంతకం వీటి మధ్యలో ఉంటుంది: హ్యాష్ కంటే చాలా ఖరీదు, రేడియో కంటే చవక. బ్యాటరీ ఆదా చేయాలంటే గణితం తగ్గించడం కంటే మాటలు తగ్గించడం మేలు.

మన కంటైనర్‌లో చలి కూడా ఉంది. మామూలు ఆల్కలైన్ సెల్ మైనస్ 18 దగ్గర తన శక్తిలో కొంతే ఇస్తుంది. లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ ఆ చలిని లెక్కచేయదు. కానీ చాలాకాలం తక్కువ కరెంటు వాడాక ఒక్కసారిగా ఎక్కువ అడిగితే, లోపల పేరుకున్న పొర వల్ల వోల్టేజీ కాసేపు పడిపోతుంది. బోర్డు రీసెట్ అవుతుంది, ర్యామ్‌లో ఉన్న చివరి హ్యాష్ పోతుంది, ముడి తెగుతుంది. సెల్‌కు సమాంతరంగా ఒక పెద్ద కెపాసిటర్ పెట్టండి. చివరి హ్యాష్‌ను ప్రతిసారీ ఫ్లాష్‌లో కూడా రాయండి. వైఫై ఆన్ చేయగానే 200 మిల్లీఆంపియర్లు దాటించే ఈఎస్‌పీ32ను ఆ సెల్ మీద పెట్టడం గాల్లో దీపమే.

లోరా ద్వారా సంతకం చేసిన డేటా పంపొచ్చా?

లోరా మీద నడిచే లోరావాన్ నెట్‌వర్క్‌లో నెమ్మది వేగాల దగ్గర మీ డేటాకు దొరికేది 51 బైట్లు. సంతకమే 64. ఒక్క ప్యాకెట్‌లో సంతకం కూడా పట్టదు! మన దేశంలో వాడే 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండుకూ ఇదే హద్దు.

అందుకే గాలిలో లోరావాన్ సొంత రహస్య కీతో వేసే 4 బైట్ల తనిఖీ ముద్రతో సరిపెట్టుకుని, పెద్ద సంతకాన్ని రోజుకోసారి రెండు ముక్కలుగా పంపడం వాడుక. ఆ 4 బైట్ల ముద్ర నెట్‌వర్క్ నడిపేవాళ్లకు చాలు, అమెరికాలో ఉన్న మూడో మనిషికి చాలదు. రహస్య కీ తెలిసిన ఎవరైనా దాన్ని తయారు చేయగలరు.

కంటైనర్ విషయంలో ఈ తలనొప్పే లేదు. ఉక్కు పెట్టె లోపలి నుంచి నడిసముద్రంలో సిగ్నల్ రాదు. రాసుకుని దాచుకోవడం, తలుపు తెరిచాక ఫోన్‌తో చదవడం, అంతే.

ప్రైవేట్ కీ ఎక్కడ దాచాలి?

కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టకండి అని చెప్పనక్కర్లేదనుకుంటాను. (చెప్పాల్సి వస్తోంది.) మామూలు మైక్రోకంట్రోలర్ ఫ్లాష్‌లో పెడితే చేతికి చిక్కిన లాగర్ నుంచి లాగేయొచ్చు. ఈఎస్‌పీ32లో ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్, సెక్యూర్ బూట్ (సంతకమున్న ఫర్మ్‌వేర్‌నే నడపనివ్వడం) ఉన్నాయి. కానీ 2019లో ఒక భద్రతా పరిశోధకుడు వోల్టేజీని క్షణకాలం ఆటపట్టించి పాత చిప్‌ల నుంచి ఆ కీలను చదివి చూపించాడు. తర్వాత కంపెనీ చిప్‌ను సవరించింది. కొనేటప్పుడు ఏ రివిజనో చూసుకోండి.

మేలైన దారి మైక్రోచిప్ కంపెనీ ఏటీఈసీసీ608 లాంటి భద్రతా చిప్. కీ అందులోనే పుడుతుంది, బయటికి రాదు. నిద్రలో 150 నానోఆంపియర్ల లోపే తీసుకుంటుంది. సంతకం సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది. దానిలో వెనక్కి తిప్పలేని కౌంటర్లు కూడా ఉన్నాయి, ఒక్కోటి 20,97,151 దాకా. ప్రతి సంతకంతోపాటు కౌంటర్ అంకె చేర్చితే మధ్యలో ఎవరైనా ఒక సంతకం మాయం చేసినా ఖాళీ కనిపిస్తుంది.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఈ చిప్‌కు తెలిసిన వక్రరేఖ (సంతకాల గణితానికి ఆధారం) పీ-256. బిట్‌కాయిన్, ఇథీరియం లావాదేవీలకు వాడేది సెక్‌పీ256కే1. అందుకని ఈ చిప్ సంతకంతో నేరుగా లావాదేవీ చేయలేరు. చిప్ రికార్డు మీద సంతకం పెడుతుంది, గేట్‌వే తన సొంత కీతో లావాదేవీ పంపుతుంది. తెలిసినవాళ్ల మధ్యే నడిపే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ చెయిన్ మామూలుగా పీ-256నే వాడుతుంది కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది లేదు. రెండోది, ఈ చిప్ తనకిచ్చిన దేని మీదైనా సంతకం పెట్టేస్తుంది. ఫర్మ్‌వేర్ మార్చేసినవాడు మైనస్ 18 అని అబద్ధం రాసి దర్జాగా సంతకం చేయించుకోవచ్చు. సెక్యూర్ బూట్ లేకుండా భద్రతా చిప్ ఒక్కటే పెట్టడం వృథా.

రాండమ్ నంబర్ల గురించి అంత టెన్షన్ ఎందుకు?

ఈసీడీఎస్‌ఏ రకం సంతకానికి (పైన చెప్పిన రెండు వక్రరేఖల మీదా వాడేది) ప్రతిసారీ కొత్త రహస్య సంఖ్య కావాలి. ఒకే సంఖ్య రెండుసార్లు పడితే, ఆ రెండు సంతకాలు చూసి ఎవరైనా ప్రైవేట్ కీని లెక్కగట్టేయొచ్చు. 2010లో సోనీ ప్లేస్టేషన్ 3 కీ ఇలాగే బయటపడింది. 2013లో ఆండ్రాయిడ్ రాండమ్ లోపం వల్ల కొన్ని బిట్‌కాయిన్ వాలెట్లు ఖాళీ అయ్యాయి.

ఊనోలో ఖాళీ అనలాగ్ పిన్ చదివి దాన్ని విత్తనంగా వాడే కోడ్ ప్రతి ట్యుటోరియల్‌లోనూ ఉంటుంది. ఆ పిన్ ఇచ్చేది 0 నుంచి 1023 లోపు అంకె, అదీ తరచూ ఒకచోటే తిరుగుతుంది. ఎల్‌ఈడీలు మెరిపించడానికి బాగుంటుంది, కీలకు పనికిరాదు. ఈడీ25519 వాడండి, లేదా ఆర్‌ఎఫ్‌సీ 6979 ప్రకారం ఆ సంఖ్యను ప్రైవేట్ కీ, సందేశం రెండూ కలిపి వాటి నుంచే పుట్టించండి. కీ పుట్టించేటప్పుడు మాత్రం అసలైన హార్డ్‌వేర్ రాండమ్ ఉండాల్సిందే.

సమయాన్ని ఎలా నమ్మాలి?

మామూలు 32.768 కిలోహెర్ట్జ్ స్ఫటికం గది ఉష్ణోగ్రతకు సరిచేసినది. మైనస్ 18 దగ్గర పది లక్షలకు 60కి పైగా వెనకబడుతుంది. అంటే రోజుకు ఐదు సెకన్ల పైన, 30 రోజులకు రెండున్నర నిమిషాల పైన. ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే డీఎస్3231 గడియారం చిప్ అయితే నెలకు పది సెకన్ల లోపే. రొయ్యలకు రెండు నిమిషాలు పెద్ద లెక్క కాదు. పోర్టులో ప్లగ్ ఎవరి షిఫ్టులో పీకారన్న గొడవ వస్తే అవుతుంది. చెయిన్‌లో రాసిన రెండు క్షణాలు గట్టి మేకుల్లా ఉంటాయి కాబట్టి, గడియారం ఎంత జారిందో తెరిచినప్పుడు లెక్కవేసి రికార్డు పక్కన పెట్టొచ్చు. రికార్డును దిద్దకండి.

సెన్సరే తప్పు చెబితే?

బ్లాక్‌చెయిన్ ఆ తప్పును శాశ్వతంగా భద్రపరుస్తుంది.

దగ్గర్నుంచి చూద్దాం. డీఎస్18బీ20 సెన్సర్‌కు కరెంటు రాగానే దాని లోపల ఉండే విలువ 85 డిగ్రీలు. కొలత పూర్తికాక ముందే చదివితే, లేదా మధ్యలో కరెంటు తడబడితే అదే వస్తుంది. వైరు ఊడితే ఆర్డుయినో లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. ఫర్మ్‌వేర్ ఇవి పట్టుకోకపోతే మైనస్ 18లో ఉన్న రొయ్యలు ఒక్క క్షణం 85 డిగ్రీల్లో ఉడికి మళ్లీ గడ్డకట్టినట్టు సంతకంతో సహా రికార్డవుతుంది. స్మార్ట్ కాంట్రాక్టు "షరతు తప్పింది" అని చెల్లింపు ఆపేస్తుంది. అందుకే ఒక్క రీడింగ్‌తో డబ్బు ఆపే కాంట్రాక్టు రాయకూడదు. వరుసగా కొన్ని రీడింగ్‌లు దాటితేనే లెక్కలోకి తీసుకోవాలి, 85నూ మైనస్ 127నూ "కొలత విఫలం" అనే విడి గుర్తుతో రాయాలి.

సెన్సర్ ఎంపిక ఇంకో కథ. కోల్డ్ చెయిన్ ప్రాజెక్టులో డీహెచ్‌టీ11 సెన్సర్ కనిపించడం మామూలైపోయింది. దాని కొలత సున్నా డిగ్రీల దగ్గర మొదలవుతుంది! మైనస్ 18ని అది కొలవలేదు. డీఎస్18బీ20 మైనస్ 55 దాకా వెళ్తుంది కానీ ±0.5 డిగ్రీల హామీ మైనస్ 10 వరకే. ఇవి డేటాషీట్ మొదటి పేజీలోనే ఉంటాయి. కన్సెన్సస్ (నోడ్లన్నీ ఒక మాటకు వచ్చే) ఆల్గారిథమ్ గురించి ఇరవై స్లైడ్లు వేసి ఆ ఒక్క పేజీ చదవకపోవడం మన ప్రాజెక్టుల్లో పాత జబ్బు.

ఇక కావాలని చేసే మోసం. లాగర్‌ను తీసి పక్కన ఇంకో ఫ్రీజర్‌లో పెడితే? రీడింగ్ నిజమే, సంతకం నిజమే, సరుకు మాత్రం ఎండలో. దీనికి క్రిప్టోగ్రఫీలో మందు లేదు. లాగర్‌ను సరుకు పెట్టెలోనే, తీస్తే తెలిసేలా బిగించడం, సీల్ నంబరు చెయిన్‌లో రాయడం, వెలుతురు సెన్సర్ పెట్టి తలుపు తెరిచిన క్షణం పట్టుకోవడం, రెండు వేర్వేరు సంస్థల లాగర్లు పెట్టి పోల్చడం, ఇవే దారులు. ఇవన్నీ అతికించడం, బిగించడం లాంటి మోటు పనులు. అయినా డబ్బు మిగిలితే ముందు ఇక్కడే ఖర్చుపెట్టమంటాను.

తప్పు ఎంట్రీ పడిపోయాక ఏం చేయాలంటే, కోమటి చిట్టాలో చేసినట్టే: కొట్టివేయకుండా, దాన్ని సరిచేసే ఎంట్రీ కొత్తగా రాసి, ఎవరు ఎందుకు రాశారో సంతకం పెట్టాలి.

ఏ చెయిన్ ఎంచుకోవాలి?

పాల్గొనేవాళ్లు ఎవరో తెలిసిన వ్యాపారానికి హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ సహజమైన ఎంపిక. నాణెం లేదు, గ్యాస్ లేదు, ఎవరు ఏం చూడాలో కట్టడి చేయొచ్చు. కానీ సర్టిఫికెట్లు, పీర్లు (చిట్టా నకలు మోసే సర్వర్లు), ఆర్డరర్లు (లావాదేవీలను వరుసపెట్టే సర్వర్లు) నడపడానికి ఒక మనిషి ఉండాలి. ఎగుమతిదారు, షిప్పింగ్ కంపెనీ, కొనుగోలుదారు తలా ఒక పీర్ నడపకపోతే దానికి అర్థం లేదు.

ఎవరూ సర్వర్ నడపరంటే పబ్లిక్ చెయిన్. కరెంటు దండగ అన్న విమర్శ ఇథీరియంకు ఇప్పుడు వర్తించదు. 2022 సెప్టెంబర్ 15న మైనింగ్ వదిలేసి వాటా పద్ధతికి మారింది.

మన ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో విశ్వస్య అనే బ్లాక్‌చెయిన్ వేదికను ప్రారంభించింది. అది భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ డేటా సెంటర్ల మీద నడుస్తుంది. ప్రభుత్వ శాఖల పనులకు చూడదగ్గది.

సెన్సర్ల కోసమే పుట్టిన చెయిన్లు ఉన్నాయిగా, ఐఓటీఏ, హీలియం లాంటివి?

ఉన్నాయి, రెండింటి చరిత్రా చదవదగ్గది. ఐఓటీఏ చిన్న పరికరాలకు తేలికగా ఉండాలని బ్లాకుల గొలుసు బదులు అల్లిక నిర్మాణం, సొంత హ్యాష్ ఫంక్షన్ తెచ్చింది. 2017లో ఎంఐటీ, బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ హ్యాష్‌లో లోపాలు బయటపెట్టారు. 2020 ఫిబ్రవరిలో వాలెట్ దొంగతనం జరిగితే, నెట్‌వర్క్‌ను నడిపే కోఆర్డినేటర్‌ను ఆపేశారు. వారాలపాటు లావాదేవీలు నిలిచిపోయాయి. ఒక్క మీటతో ఆగిపోయేదాన్ని వికేంద్రీకృతం అనడం కష్టం. 2021లో సొంత ప్రయోగాలు పక్కనపెట్టి ఈడీ25519కు మారారు. సొంత క్రిప్టోగ్రఫీ రాయకండి అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

హీలియం 2019లో ఇళ్లలో లోరా హాట్‌స్పాట్లు పెట్టించి, సొంత చెయిన్‌లో ప్రతిఫలం ఇచ్చింది. మొదట్లో ఆ హాట్‌స్పాట్లే చెయిన్‌ను మోసేవి. చెయిన్ పెరిగేకొద్దీ రాస్‌ప్బెర్రీ పై స్థాయి బోర్డులకు భారమైంది. 2022లో హాట్‌స్పాట్లను చెయిన్ మోయనవసరం లేని తేలికరకానికి మార్చారు, 2023 ఏప్రిల్‌లో చెయిన్ మొత్తాన్ని సొలానా అనే వేరే చెయిన్‌కు తరలించారు. గోడకు ప్లగ్ పెట్టి నడిచే డబ్బాలకే అది భారమైతే, బటన్ సెల్ సంగతి చెప్పేదేముంది?

ఈ రికార్డు కోర్టులో చెల్లుతుందా?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఎలక్ట్రానిక్ రికార్డులకు సెక్షన్ 63 వర్తిస్తుంది. దానికి జతచేయాల్సిన సర్టిఫికెట్ నమూనాలోనే హ్యాష్ విలువ, ఏ ఆల్గారిథమ్ అన్న గడులు ఉన్నాయి. ఎస్‌హెచ్‌ఏ-256కు అక్కడ చోటుంది. మీ లాగర్ హ్యాష్‌లు ఇక్కడ అక్కరకొస్తాయి. కానీ లాగర్ తన కీతో పెట్టిన సంతకం, ఐటీ చట్టం కింద లైసెన్సున్న సంస్థ ఇచ్చే డిజిటల్ సంతకంతో సమానం కాదు. ఏది సాక్ష్యంగా ఒప్పుకుంటారో కొనుగోలు ఒప్పందంలోనే రాసుకోండి, లాయర్‌ను అడిగి.

రైతు ఫోన్ నంబరును హ్యాష్ చేసి చెయిన్‌లో పెట్టొచ్చా?

పెట్టకండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెలు. మొత్తం 400 కోట్ల అవకాశాలు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు అన్నింటినీ కొన్ని సెకన్లలో హ్యాష్ చేసి పోల్చేస్తుంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం మనిషికి తన వివరాలు తీసేయించుకునే హక్కిచ్చింది, చెయిన్‌లో తీసేయడమే కుదరదు. వ్యక్తిగతమైనవి బయటి డేటాబేస్‌లో ఉంచి, పెద్ద రహస్య సంఖ్య కలిపి తీసిన హ్యాష్ మాత్రమే చెయిన్‌లో పెట్టండి. రహస్య సంఖ్యను చెరిపేస్తే ఆ హ్యాష్‌తో ఎవరికీ ఉపయోగం ఉండదు.

క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే?

హ్యాష్ గొలుసుకు పెద్ద భయం లేదు, సంతకాలకు ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్టీ 2024 ఆగస్టులో క్వాంటమ్‌ను తట్టుకునే కొత్త ప్రమాణాలు ఇచ్చింది. అందులో ఎంఎల్-డీఎస్ఏ చిన్న రకం సంతకమే 2,420 బైట్లు. 51 బైట్ల లోరా ప్యాకెట్లలో పంపాలంటే 48 ప్యాకెట్లు. నెల రోజుల ప్రయాణం చేసే రొయ్యలకు ఇప్పుడే అక్కర్లేదు. ఇరవై ఏళ్లు నేలలో ఉండే నీటి మీటర్లు చేస్తున్నవాళ్లు మాత్రం ఫర్మ్‌వేర్ మార్చుకునే దారి ఇప్పుడే ఉంచుకోవాలి.

పెద్ద కంపెనీలే వదిలేశాయంటారు, నిజమా?

ఐబీఎం, షిప్పింగ్ కంపెనీ మేర్‌స్క్ కలిసి 2018లో తెచ్చిన ట్రేడ్‌లెన్స్ షిప్పింగ్ వేదికను 2022 నవంబర్‌లో మూసేస్తున్నట్టు ప్రకటించారు. పరిశ్రమ అంతా కలిసి రాలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. పోటీ కంపెనీలు తమ డేటాను మేర్‌స్క్ పేరున్న వేదికలో పెట్టడానికి మొదటినుంచీ వెనకాడాయి. సాంకేతికత బాగానే నడిచింది. మీ ప్రాజెక్టులో కూడా చెయిన్ ఎవరి చేతిలో ఉంటుందన్నది కోడ్ రాయకముందే తేల్చుకోండి.

కాలేజీ ప్రాజెక్టుకు ఏ సాధనాలు వాడాలి?

కాంట్రాక్టులు రాసి పరీక్షించడానికి చాలా ట్యుటోరియల్స్ ఇంకా ట్రఫుల్, గనాష్ సాధనాలే చెబుతున్నాయి. వాటి అభివృద్ధిని 2023లోనే ఆపేశారు. రాప్‌స్టెన్, రింకెబీ టెస్ట్‌నెట్‌లు (అసలు డబ్బు లేని పరీక్ష చెయిన్లు) మూతబడ్డాయి. హార్డ్‌హ్యాట్ లేదా ఫౌండ్రీ, సెపోలియా టెస్ట్‌నెట్ వాడండి. బోర్డు ఈఎస్‌పీ32, మైనస్ ఉష్ణోగ్రతలు కొలిచే సెన్సర్, ల్యాప్‌టాప్‌ను గేట్‌వేగా పెట్టుకోండి. డెమోలో బ్లాకులు పెరగడం చూపించడం కంటే, సర్వర్‌లో ఒక రీడింగ్‌ను అందరి ముందూ మార్చి, మెర్కిల్ రుజువు ఎక్కడ తేడా కొట్టిందో చూపించండి. ఎగ్జామినర్ తర్వాత అడిగేది ఎలాగూ "సెన్సర్‌నే తీసి ఫ్రిజ్‌లో పెడితే?" అనే. దానికి సీల్, వెలుతురు సెన్సర్, రెండో లాగర్ చూపించడానికి సిద్ధంగా ఉండండి.